తొమ్మిదేళ్లు నిండిన కూతురు: తలుపు మూసుకున్నా మాట మిగలాలి

పొద్దున బడికి దిగబెట్టేటప్పుడు "గేటు దాకా రావొద్దు, నేను వెళ్తాగా" అని విసుక్కున్న పిల్లే, రాత్రి దిండు పట్టుకొచ్చి అమ్మ పక్కన చోటు చేసుకుంటుంది. పాత బొమ్మలన్నీ అట్టపెట్టెలో పడేసి "ఎవరికైనా ఇచ్చేయండి" అంటుంది. రెండు రోజులు పోయాక అందులోంచి ఒక కుందేలు బొమ్మ మాత్రం, ఎవరూ చూడని వేళలో, మళ్లీ అలమరలోకి చేరుతుంది. 9 నుంచి 12 ఏళ్ల మధ్య కూతురున్న ఇళ్లలో ఇది రోజూ ఉండే వ్యవహారమే. ఓపికున్న రోజున పెద్దలు దీన్ని 'మూడ్' అంటారు, లేని రోజున 'పొగరు' అంటారు. ఒకే పిల్లలో రెండు వయసులు కాపురం చేసే కాలం ఇది. ఏ గంటకు ఏది మాట్లాడుతుందో ఆ పిల్లకే తెలియదు.

"ఇప్పుడే ఇలా ఉంటే టీనేజీకి వచ్చాక ఎలా ఉంటుందో!" అన్న మాట ఈ దశలో తరచూ వినిపిస్తుంది. ఆ భయంతోనే కొందరు పగ్గాలు బిగిస్తారు, మరికొందరు ఎందుకొచ్చిన గొడవలే అని చేతులెత్తేస్తారు. రెండు చోట్లా కొలమానమే తప్పు. విసిరికొట్టిన తలుపుల్నీ, ఎదురు సమాధానాల్నీ లెక్కపెట్టి ఇంటి పరిస్థితి తేల్చలేం. చూడాల్సింది, తనకు జరిగింది ఇంట్లో చెబుతోందా లేదా అని. పోట్లాడుతూనే అన్నీ చెప్పే పిల్ల ఉన్న ఇల్లు, ఏ గొడవా లేకుండా ఏదీ చెప్పని పిల్ల ఉన్న ఇంటికన్నా చాలా నయం. ఈ నాలుగేళ్లలో వచ్చే ఎత్తుపల్లాలన్నీ చివరికి ఆ ఒక్క విషయం దగ్గరే తేలతాయి.

శరీరం ముందు పరిగెడుతుంది

ఆడపిల్ల ఎదుగుదల అనగానే అందరికీ మొదటి నెలసరి గుర్తొస్తుంది. నిజానికి ఈ క్రమంలో అది చివరి ఘట్టాల్లో ఒకటి. 6–8 ఏళ్లకే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కొత్త పని మొదలుపెడతాయి. చెమట వాసన మారడం, ముఖం జిడ్డుదేరడం దాని ప్రభావమే. తర్వాత 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా ఛాతీ ఎదుగుదల మొదలవుతుంది. అక్కణ్నుంచి సుమారుగా రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి నెలసరి వస్తుంది. ఎత్తు గబగబా పెరిగేది ఈ మధ్య కాలంలోనే. ఊపు మీదున్నప్పుడు ఏడాదికి 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతారు, నెలసరి మొదలయ్యాక ఆ వేగం తగ్గుతుంది.

ఈ గడియారం కొన్ని దశాబ్దాలుగా ముందుకు జరుగుతోంది. 1997లో మార్సియా హెర్మన్-గిడెన్స్ బృందం అమెరికాలో 17 వేల మందికి పైగా అమ్మాయిల వివరాలు పరిశీలించినప్పుడు, ఛాతీ ఎదుగుదల సగటున తెల్లజాతి పిల్లల్లో 10 ఏళ్లకు కాస్త అటూఇటూగా, నల్లజాతి పిల్లల్లో 9 ఏళ్లు నిండకముందే మొదలవుతున్నట్టు తేలింది. అప్పటిదాకా వైద్య పుస్తకాలు చెబుతున్న వయసుకన్నా అది తక్కువ. 2020లో డెన్మార్క్ పరిశోధకులు వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూశారు. 1977 నుంచి 2013 వరకు ప్రతి పదేళ్లకూ దాదాపు 3 నెలల చొప్పున ఈ వయసు తగ్గుతూ వచ్చిందని తేల్చారు. చిన్నప్పటి అధిక బరువుకు దీంతో సంబంధం ఉందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి, మిగతా కారణాల మీద ఇంకా వాదోపవాదాలు నడుస్తున్నాయి. తల్లిదండ్రులు పట్టించుకోవాల్సింది మాత్రం ఒకటుంది. 'నా వయసులో నాకు ఏడో తరగతిలో మొదలైంది కాబట్టి దీనికి చెప్పడానికి ఇంకా టైముంది' అని అమ్మ వేసుకునే లెక్క ఇప్పుడు నమ్మదగ్గది కాదు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుంది? ఛాతీ ఎదుగుదల చాలామందిలో ఒకవైపే ముందు మొదలవుతుంది. గట్టిగా, చిన్న గడ్డలా చేతికి తగులుతుంది, ముట్టుకుంటే నొప్పెడుతుంది. రెండోవైపు మొదలవడానికి నెలలు పట్టొచ్చు. ఇది పూర్తిగా మామూలు సంగతే. కానీ ముందు ఎవరూ చెప్పని తొమ్మిదేళ్ల పిల్లకు అది జబ్బులా తోస్తుంది. గడ్డ అన్న మాట ఎక్కడెక్కడ విన్నదో అవన్నీ గుర్తొస్తాయి. ఎవరికీ చెప్పకుండా వారాల తరబడి స్నానాల గదిలో తడిమి చూసుకుంటుంది. మొదటి నెలసరికి కొన్ని నెలల ముందు లోదుస్తుల మీద కనిపించే తెల్లటి లేదా పసుపు మరకలదీ ఇదే కథ. నెలసరి మొదలయ్యాక మొదటి రెండేళ్లు తేదీలు కుదురుగా ఉండవు. 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా ఆ వయసుకు అది సాధారణమే. ఈ మూడు సంగతులూ చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఎనిమిది, తొమ్మిదేళ్లకే చెప్పి ఉంచితే ఆ వారాల భయం ఉండదు. అంతకన్నా ముఖ్యంగా, ఒళ్లు గురించిన ప్రశ్న వస్తే ఎవర్ని అడగాలో పిల్లకు ఖాయమవుతుంది.

కూర్చోబెట్టి, తలుపు వేసి, గొంతు తగ్గించి ఒకేసారి అంతా చెప్పేయాలనుకోవడం పెద్దల ఉబలాటం. పిల్లకు అందులో వినబడేది సమాచారం కన్నా ఆ తగ్గిన గొంతే. ఇది సిగ్గుపడాల్సిన విషయమని అప్పుడే అర్థమైపోతుంది. బట్టల బీరువా సర్దుతూ ఒక ముక్క, సరుకులు కొనేటప్పుడు ప్యాడ్ల ప్యాకెట్ బుట్టలో వేస్తూ ఇంకో ముక్క, ఇలా చెదురుమదురుగా వచ్చిన మాటలే నిలుస్తాయి. బడి సంచిలో ఒక చిన్న పౌచ్, అందులో రెండు ప్యాడ్లు, ఒక జత లోదుస్తులు, బడిలో ఎవర్ని అడగొచ్చో రెండు పేర్లు. ఇంత సిద్ధం చేసి ఉంచితే బెదురు సగం తగ్గుతుంది.

బరువు సంగతి వేరే చెప్పుకోవాలి. ఎత్తు పెరిగే ముందు, పెరిగే సమయంలో ఈస్ట్రోజన్ అనే హార్మోను ప్రభావంతో అమ్మాయిల ఒంట్లో కొవ్వు శాతం పెరుగుతుంది. నడుము, తొడలు, పొట్ట కాస్త గుండ్రబడతాయి. శరీరం తన పని తాను చేసుకుంటున్న వేళ అది. సరిగ్గా అప్పుడే చుట్టాలెవరో "లావయ్యావే!" అనేస్తారు, ఇంట్లో వాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు పిల్లకు గుర్తుండిపోతుంది. "ఎదుగుతోందిలెండి" అని ఒక్క మాట అక్కడికక్కడే పడాలి, అదీ పిల్ల వినేలా. ఇక అమ్మే అద్దం ముందు నిలబడి రోజూ తన పొట్టను తిట్టుకుంటుంటే, కూతురికి ఎన్ని మంచిమాటలు చెప్పినా దండగే.

ముందుగా ఎదిగిన పిల్లకు ఇంకో చిక్కు ఉంటుంది. పదేళ్ల పిల్ల చూపులకు పద్నాలుగేళ్ల దానిలా ఉంటే లోకం పద్నాలుగేళ్ల నడవడినే ఆశిస్తుంది. "ఇంత పెద్దదానివయ్యావు, ఇంకా ఏడుపేంటి?" అంటారు. వీధిలో పరాయి చూపులూ మొదలవుతాయి. తోటివాళ్లకన్నా ముందుగా ఎదిగిన అమ్మాయిల్లో ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. దానికి శరీరంతోపాటు చుట్టూ ఉన్నవాళ్ల తీరూ కారణమే. ఎత్తు చూసి కాకుండా వయసు చూసి మాట్లాడే మనుషులు కనీసం ఇంట్లోనైనా ఉండాలి.

8 ఏళ్లు నిండకముందే ఛాతీ ఎదుగుదల మొదలైనా, 13 ఏళ్లొచ్చినా అసలు మొదలవకపోయినా, 15 దాటినా నెలసరి రాకపోయినా డాక్టరుకు చూపించాలి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సినంత రక్తస్రావం ఉన్నా, వారం దాటి కొనసాగినా ఆగకూడదు. మిగతా తేడాలు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

కోపానికి హార్మోన్ల పేరు

ఈ వయసు పిల్ల కోప్పడితే ఇంట్లో వెంటనే దొరికే వివరణ "హార్మోన్లు". సగం నిజం ఉంది కాబట్టే ఈ వివరణ ఇబ్బంది పెడుతుంది. 1989లో పరిశోధకులు జీన్ బ్రూక్స్-గన్, మిషెల్ వారెన్ 10–14 ఏళ్ల అమ్మాయిల హార్మోన్ల స్థాయిల్నీ, వాళ్ల జీవితంలో జరుగుతున్న సంఘటనల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. దిగులూ కోపాల్లో హార్మోన్ల వాటా కొంత ఉంది గానీ, బయట జరుగుతున్న సంఘటనల వాటా అంతకన్నా ఎక్కువని తేలింది. కాబట్టి "నీకు ఆ రోజులు దగ్గరపడ్డాయా?" అని అడిగిన ప్రతిసారీ, అసలు కారణం చెప్పే అవకాశాన్ని పెద్దలే మూసేస్తున్నారు. నిజంగా ఏదో జరిగి ఉంటుంది. పక్క బెంచీ పిల్ల చోటు మార్చుకుని ఉంటుంది, లెక్కల టీచరు అందరి ముందూ ఏదో అని ఉంటుంది.

మెదడు వైపునుంచి చూస్తే, భావాలు ఎగసిపడే ప్రాంతాలు ఈ వయసులో చురుగ్గా మారతాయి. వాటిని అదుపు చేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పూర్తిగా కుదురుకోవడానికి ఇరవైల మధ్య దాకా పడుతుంది. దీనికితోడు మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లో 'ఊహా ప్రేక్షకులు' అని పేరుపెట్టిన స్థితి కూడా మొదలవుతుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా తననే గమనిస్తున్నారన్న భావన అది. ముఖం మీద లేచిన ఒక్క మొటిమ తరగతి మొత్తానికీ కనిపిస్తుందని పిల్ల నమ్ముతుంది. "నిన్నెవరు చూస్తార్లే" అని పెద్దలు ఓదార్పుగానే అంటారు, పిల్లకు అది అవమానంలా తగులుతుంది. ఎవరూ చూడని మనిషినా నేను? అందుకే గేటు దగ్గర అమ్మ నుదుటి మీద ముద్దు పెడితే చిరాకు. ముద్దు మీద కోపం లేదు, చూసే కళ్ల గురించే బెంగ.

నిద్ర కూడా ఇందులో పెద్ద భాగమే. 6–12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఎదుగుదల మొదలయ్యాక, నిద్ర తెప్పించే హార్మోను మెలటోనిన్ విడుదల ఆలస్యమై నిద్ర వేళ వెనక్కి జరుగుతుంది, బడి గంట మాత్రం జరగదు. పొద్దున్నే వినిపించే అరుపుల్లో ఎన్ని గుణానివో, ఎన్ని నిద్ర చాలకపోవడానివో విడదీసి చూస్తే చాలా ఇళ్లలో ఆశ్చర్యపోవాల్సి వస్తుంది.

స్నేహాల్లో రాజకీయం

ఈ దశలో లోతైన గాయాలు ఎక్కువగా స్నేహాల్లోంచే వస్తాయి. 1995లో నిక్కీ క్రిక్, జెనిఫర్ గ్రోట్‌పీటర్ 3 నుంచి 6వ తరగతి పిల్లల్ని గమనించి, కొట్టడం తోయడం కాకుండా సంబంధాలనే ఆయుధంగా వాడే తీరును విడిగా గుర్తించారు. "దానితో మాట్లాడితే నాతో మాట్లాడకు" అనడం, పుకారు పుట్టించడం, ఆటలో చేర్చుకోకపోవడం లాంటివి. వాళ్ల పరిశీలనలో ఇది అబ్బాయిల్లో కన్నా అమ్మాయిల్లో ఎక్కువగా కనిపించింది. ఈ గాయాలకు రక్తం రాదు, టీచరు కంట పడవు, ఫిర్యాదు చేద్దామన్నా నేరం ఏమిటో చెప్పలేరు.

ముగ్గురు స్నేహితురాళ్లుంటే ఆ మూడో పిల్ల ఎవరన్నది వారం వారం మారుతుంటుంది. సోమవారం ఇద్దరు కలిసి ఒకే రంగు రిబ్బను పెట్టుకొచ్చారు, మూడో పిల్లకు ఎవరూ చెప్పలేదు. జరిగింది అంతే. ఇంటికొచ్చి సంచి విసిరేసి "ఆ రిబ్బను నాకెందుకు కొనలేదు?" అని అమ్మ మీద విరుచుకుపడుతుంది. అడుగుతున్నది రిబ్బను గురించేనని నమ్మిన అమ్మ "నిన్నే కదా రెండు కొన్నాం" అని లెక్కలు తీస్తుంది. ఆ సాయంత్రం అక్కడితో పాడైపోతుంది. కాసేపు ఆగి, తిండి పెట్టి, "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు?" అని అడిగి ఉంటే కథ మరోలా నడిచేది.

విన్నాక ఏం చేయాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. అవతలి పిల్ల తల్లికి ఫోన్ చేయాలని చేతులు దురదపెడతాయి. "ఆ పిల్లతో ఇక మాట్లాడకు" అనాలనిపిస్తుంది. మూడు రోజులకు వాళ్లిద్దరూ మళ్లీ ఒక్కటైపోతారు, శత్రువుగా మిగిలేది అమ్మే. "ఊరికే వినమంటావా, నన్నేమైనా చేయమంటావా?" అని అడగడం ఈ వయసుకు సరిగ్గా నప్పుతుంది. చాలాసార్లు ఊరికే వినమనే అంటుంది. బెదిరింపు, కొట్టడం, పదేపదే ఒక్కరినే ఏడిపించడం, ఫొటోలతో ఆటలాడటం దాకా వెళితే మాత్రం పిల్ల వద్దన్నా పెద్దలు కలగజేసుకోవాలి. అయితే ఎవరితో ఏం మాట్లాడబోతున్నారో ముందే పిల్లకు చెప్పి మరీ చేయాలి.

తెలుసుకోవడానికి దారి ఒక్కటే

కూతురు ఎక్కడుంది, ఎవరితో ఉంది, ఏం చేస్తోంది అన్నది తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు చిక్కుల్లో తక్కువగా పడతారని చాలాకాలంగా అనుకుంటూ వచ్చారు. అందుకు మార్గం గట్టి నిఘానే అనుకున్నారు. 2000లో స్వీడన్ పరిశోధకులు హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఒక చిన్న ప్రశ్న వేశారు. అసలు తల్లిదండ్రులకు ఆ సంగతులు ఎలా తెలుస్తున్నాయి? 14 ఏళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ అడిగి చూస్తే, తెలిసినదాంట్లో పెద్ద వాటా పిల్లలు తమంతట తాము చెప్పిందే. గుచ్చి అడగడం వల్లనో, కట్టడి వల్లనో తెలిసింది దానికన్నా తక్కువ. పైగా, తమను అదుపులో పెడుతున్నారన్న భావన ఉన్న పిల్లల పరిస్థితి మెరుగ్గా కూడా లేదు. ఆ పిల్లలు మనం మాట్లాడుకుంటున్న వయసుకన్నా కొంచెం పెద్దవాళ్లు. కానీ చెప్పే అలవాటు పద్నాలుగో ఏట కొత్తగా పుట్టదు, అంతకుముందే ఉండాలి.

ఆ అలవాటు తెగిపోయే చోట్లు పెద్దలకు చాలా చిన్నవిగా కనిపిస్తాయి. ఒక అబ్బాయి తనకు పెన్సిల్ బాక్స్ ఇచ్చాడని కూతురు రాత్రి నెమ్మదిగా చెబుతుంది. మర్నాడు అమ్మ ఫోన్లో పిన్నికి నవ్వుతూ ఆ కథంతా చెబుతుంటే పక్క గదిలోంచి వింటుంది. "పిన్నికి చెప్పేశావా?" అని అడగదు కూడా. అంతే, తర్వాతి కథ ఇక అమ్మ దాకా రాదు. మూడు నెలల కిందట నమ్మి చెప్పిన రహస్యాన్ని పోట్లాటలో తీసి కొట్టడం ఇంకో చోటు: "అందుకేగా నీకు ఫ్రెండ్స్ ఎవరూ లేనిది!" మాటకు ముందే మొహం మారిపోవడం మరొకటి. పిల్లలు పెద్దల మొహాల్ని తెరిచిన పుస్తకంలా చదువుతారు.

"అమ్మా, ఒకటి చెప్తే తిట్టవుగా?" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "తిట్టను, చెప్పు" అని మాటిచ్చి, విన్నాక నిలబెట్టుకోలేక తిట్టేస్తారు చాలామంది. దానికన్నా "కోపం రావొచ్చేమో, కానీ ఏదైనా నీ పక్కనే ఉంటా" అనడం నిజాయితీగా ఉంటుంది. ఆ మాటను నిలబెట్టుకోవచ్చు కూడా. విన్న వెంటనే తీర్పు చెప్పాల్సిన పని కూడా లేదు. "చెప్పినందుకు మంచిదైంది. రేపు ఆలోచించి మాట్లాడదాం" అన్నా చాలు. శిక్ష అవసరమైతే తప్పుకు పడాలి గానీ, చెప్పినందుకు పడినట్టు అనిపించకూడదు. చెప్పకుండా దాచి దొరికితే ఒక లెక్క, తనంతట వచ్చి చెబితే ఇంకో లెక్క అన్న తేడా ఇంట్లో స్పష్టంగా కనబడాలి.

ఎదురెదురుగా కూర్చుని "ఏంటి సంగతులు?" అంటే వచ్చే జవాబు "ఏం లేదు". బండి మీద వెనక కూర్చున్నప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు, లైటు ఆర్పేశాక, అంటే కళ్లలో కళ్లు పెట్టి చూడనక్కర్లేని చోట మాటలు దొర్లుతాయి. కాకపోతే అవి వచ్చే వేళ పిల్ల ఇష్టం, పెద్దలు బాగా అలసి ఉన్న వేళే అయ్యుంటుంది తరచుగా.

దేనికి పట్టుబట్టాలి

గది సర్దకపోవడం, జుట్టు విరబోసుకోవడం, ఏ చొక్కా వేసుకోవాలి, ఎంతసేపు స్నానం... గొడవలన్నీ ఇలాంటి వాటి మీదే ఎందుకు? ఈ వయసు పిల్లలు వీటిని తమ సొంత విషయాలుగా చూస్తారని, పెద్దలు వాటినే పద్ధతి, మర్యాద కింద చూస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త జుడిత్ స్మెటానా దశాబ్దాల పరిశోధనలో చూపించారు. నాన్న మాట్లాడేది శుభ్రత గురించి, కూతురు మాట్లాడేది హక్కు గురించి. ఇద్దరూ అరుస్తారు, ఒకరికొకరు జవాబు మాత్రం చెప్పుకోరు.

ప్రాణానికి, ఆరోగ్యానికి, ఎదుటివాళ్లకు హాని జరిగే విషయాల్లో బేరాల్లేవు. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పిల్ల చేతికి వదలాల్సిందే. ముందు తన గది, తర్వాత తన జుట్టు, ఆ తర్వాత తన సెలవురోజు. వదిలాక మళ్లీ లాక్కోకూడదు. పట్టుబట్టే విషయాలు నాలుగైదుకు తగ్గితే వాటికి విలువ పెరుగుతుంది. రోజంతా "అది చెయ్యకు, ఇది ముట్టుకోకు" అని వినిపించే ఇంట్లో హెల్మెట్ పెట్టుకోమన్న మాటా, జుట్టు ముడేసుకోమన్న మాటా ఒకే చెవిన పడి ఒకేలా బయటికి పోతాయి.

"ఇప్పుడే ఇలా ఉంటే" అన్న భయానికీ ఇక్కడ కొంత జవాబుంది. బ్రెట్ లార్సెన్ బృందం 1998లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, తల్లిదండ్రులతో గొడవల సంఖ్య కౌమారం తొలినాళ్లలోనే ఎక్కువ. వయసుతోపాటు అది తగ్గుతూ పోతుంది. అయితే గొడవలో కోపం తీవ్రత మాత్రం మధ్య కౌమారం వరకు పెరుగుతుంది. చిన్న చిన్న తగాదాలు రోజుకు నాలుగు పడుతున్న ఇంట్లో పోనుపోను అవి తక్కువవుతాయి, పడినప్పుడు మాత్రం గట్టిగా పడతాయి. అప్పటికి రాజీపడటం ఇద్దరికీ అలవాటై ఉండాలి. క్షమాపణ కూడా అందులో భాగమే. "నిన్న అందరి ముందు అలా అరవకుండా ఉండాల్సింది, సారీ" అని పెద్దలు అంటే అలుసైపోతామన్న భయం ఉత్తదే. 'కానీ నువ్వు కూడా' అన్న తోక తగిలిస్తే మాత్రం అది క్షమాపణ కాదు.

ఫోను సంగతి దీనికి మినహాయింపు కాదు. సోషల్ మీడియా యాప్‌లు 13 ఏళ్ల హద్దు పెట్టడం చూసి, ఆ వయసుకు పిల్లలు సిద్ధమైపోతారని ఎవరో తేల్చారనుకుంటారు. ఆ అంకె అమెరికాలో 1998లో వచ్చిన చట్టంలోది. 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని ఆ చట్టం చెబుతుంది. మనసు పరిణతికీ దానికీ సంబంధం లేదు. పుట్టిన సంవత్సరం తప్పు చెప్పి చేరిన పదకొండేళ్ల పిల్లను యాప్ ఆ తప్పు వయసుతోనే లెక్కగట్టి, ఆ వయసువాళ్లకు చూపించేవే చూపిస్తుంది. ఫోను ఇవ్వాలా వద్దా అన్నది ఇంటింటికీ మారొచ్చు. రాత్రి పడకగదిలో మాత్రం ఉండకూడదు, పెద్దల ఫోన్లతో సహా. ఇచ్చిన రోజే "అప్పుడప్పుడు చూస్తాను, చూసేటప్పుడు నీకు చెప్పే చూస్తాను" అని చెప్పేయడం మంచిది. దొంగచాటుగా మెసేజీలు చదివి సంపాదించిన సమాచారాన్ని ఎక్కడా వాడుకోలేరు. వాడిన మరుక్షణం పిల్ల ఇంకో ఖాతా తెరుస్తుంది.

ఫోనుకే సంబంధించిన ఇంకో పరిశోధన ఆసక్తిగా ఉంటుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్‌జర్ బృందం 2010లో 7–12 ఏళ్ల అమ్మాయిల్ని కొత్తవాళ్ల ముందు మాట్లాడించి, లెక్కలు చేయించి ఒత్తిడికి గురిచేసింది. తర్వాత కొందరిని అమ్మ దగ్గరకు తీసుకుంది, కొందరు అమ్మతో ఫోన్లో మాట్లాడారు. రెండు చోట్లా ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది, ఆత్మీయతతో ముడిపడిన ఆక్సిటోసిన్ పెరిగింది. 2012లో అదే పరీక్ష పెట్టి, తర్వాత అమ్మతో మెసేజీల ద్వారా మాట్లాడిస్తే ఆ ఫలితం రాలేదు. ఏడుస్తున్న పిల్లకు ఆఫీసునుంచి గుండె బొమ్మ పంపే కన్నా రెండు నిమిషాలు గొంతు వినిపించడం మేలు.

కాస్త పెద్దయ్యాక ఆ గొంతుకు పోటీ వస్తుంది. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2022లో ప్రచురించిన మెదడు స్కానింగ్ అధ్యయనంలో, 12 ఏళ్ల లోపు పిల్లల మెదళ్లలో సంతోషానికి సంబంధించిన ప్రాంతాలు అమ్మ గొంతుకు ఎక్కువగా స్పందించాయి. 13 దాటినవాళ్లలో పరాయి గొంతులకే ఎక్కువ స్పందన కనిపించింది. అమ్మ మాట వినబడక కాదు, బయటి లోకం వైపు చెవి తిరుగుతోందంతే. వయసుకు తగ్గ పనే అది. కానీ నిన్నటిదాకా కొంగు పట్టుకు తిరిగిన పిల్ల గురించి ఈ వివరణ విని ఊరట చెందే అమ్మలు తక్కువే.

పెద్దల వైపు

నాన్నల సంగతి ఇలాంటి చర్చల్లో సాధారణంగా పక్కకు పోతుంది. కూతురి ఒళ్లు మారుతుంటే చాలామంది నాన్నలు ఎలా మెలగాలో తోచక దూరం జరుగుతారు. భుజం మీద చెయ్యి వేయడం మానేస్తారు, "అమ్మనడుగు" అనడం మొదలుపెడతారు. వాళ్ల దృష్టిలో అది గౌరవం. పిల్లకు మాత్రం 'నేను మారాను కాబట్టి నాన్నకు నచ్చడం లేదు' అని తోస్తుంది. ముద్దులు ఇష్టం లేకపోతే మానొచ్చు, కలిసి చేసే పనులు మాత్రం మానకూడదు. పాడైన సైకిల్ చైను ఎక్కించడం, ఆట చూడటం, రాత్రి నడక. ప్యాడ్లు అయిపోయాయంటే తెచ్చిపెట్టగల నాన్న ఉన్న ఇంట్లో పిల్లకు సిగ్గు సగం తగ్గుతుంది.

ఈ దశలో అమ్మలు పడే దిగులుకు అధ్యయనాల సాక్ష్యం కూడా ఉంది. సునియా లూథర్, లూసియా సిక్కోలా 2016లో 2 వేల మందికి పైగా తల్లుల్ని, పసిబిడ్డల తల్లుల నుంచి పెద్దపిల్లల తల్లుల దాకా, అడిగి చూశారు. ఒత్తిడి, ఒంటరితనం, వెలితి ఎక్కువగా ఉన్నది రాత్రుళ్లు నిద్రలేని పసిబిడ్డల తల్లుల్లో కాదు, మిడిల్ స్కూల్ వయసు, అంటే సుమారు 11 నుంచి 14 ఏళ్ల పిల్లల తల్లుల్లో. పసిబిడ్డ తల్లిని అందరూ పలకరిస్తారు, సాయానికి వస్తారు. పదకొండేళ్ల కూతురు ముఖం మీద తలుపు వేసిందని చెప్పుకుంటే "పెంపకం" అని మూతి తిప్పుతారు. అందుకే ఎవరితోనూ చెప్పుకోరు. ఈ దశలో అమ్మకూ వినే మనిషి కావాలి, అదీ కూతురి రహస్యాల్ని పంచిపెట్టకుండా తన కష్టం మాత్రమే చెప్పుకోగలిగే మనిషి.

ఇంత చెప్పాక, ఈ వయసులో ఉన్న ఆనందం గురించి చెప్పకపోతే అన్యాయం. చిన్నపిల్లలతో ఆడుకోవచ్చు, ఈ వయసు పిల్లతో మాట్లాడుకోవచ్చు. కనిపించని విషయాల గురించి, న్యాయం గురించి, 'ఇలా కాకుండా అలా జరిగి ఉంటే' గురించి ఆలోచించే శక్తి ఇప్పుడే విచ్చుకుంటుంది. పెద్దల మాటల్లోని డొల్లతనాన్ని పట్టేసి "నువ్వూ అలాగే చేస్తావుగా?" అని నిలదీసేది ఆ శక్తే. ఆ క్షణాన చిరాకు పుడుతుంది గానీ అది తెలివే. హాస్యం పదునెక్కుతుంది. నాన్న మాట తీరును అచ్చుగుద్దినట్టు అనుకరించి ఇల్లంతా నవ్విస్తుంది. నిరుడు ఏడ్చి గోల చేసిన విషయాన్ని ఈ ఏడు తనే తలచుకుని నవ్వుకుంటుంది.

రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, ఇష్టమైనవన్నీ మానేసినా, తిండి నిద్రలు బాగా తారుమారైనా, బడికి పోనని మొండికేసినా, చేతుల మీద గాట్లు కనిపించినా దాన్ని వయసు మీదకు తోసేయకుండా పిల్లల డాక్టరునో మానసిక నిపుణుల్నో కలవాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

ఇంట్లో గడిపే సమయం తగ్గడం మాత్రం ఎవరూ ఆపలేరు. రీడ్ లార్సన్ బృందం 10 నుంచి 18 ఏళ్ల వయసున్న 220 మంది పిల్లల్ని రోజులో అప్పుడొకసారి ఇప్పుడొకసారి 'ఇప్పుడు ఎవరితో ఉన్నావు, ఎలా ఉంది?' అని అడుగుతూ వివరాలు సేకరించి 1996లో ప్రచురించింది. మెలకువగా ఉన్న సమయంలో కుటుంబంతో గడిపేది పదేళ్లప్పుడు 35 శాతం, పద్దెనిమిదికి 14 శాతం. కానీ అదే అధ్యయనంలో అమ్మతోనో నాన్నతోనో ఒంటరిగా గడిపే సమయం, మాట్లాడుకునే సమయం తగ్గలేదు. మనుషుల గురించి, సంబంధాల గురించి ఇంట్లో మాట్లాడటం వయసుతో పెరిగింది, ముఖ్యంగా అమ్మాయిల్లో. ఆ మాటల్ని నడిపిస్తున్నది తామేనన్న భావన కూడా పిల్లల్లో ఎక్కువైంది.

కాబట్టి తగ్గిపోయేది అందరూ కలిసి ఉండే సమయం. బలవంతంగా కుటుంబమంతా కలిసి వెళ్లే ఆదివారాల కోసం యుద్ధం చేసేకన్నా, వారంలో ఒక అరగంట ఇద్దరిలో ఒక్కరితో గడిపే అవకాశం దక్కించుకోవడం తేలిక. ఎక్కడికి వెళ్లాలో, ఏం మాట్లాడాలో పిల్లే తేలుస్తుంది. ఏదో ఆట గురించి, అర్థంకాని వీడియో గురించి ఇరవై నిమిషాలు వినాల్సి వస్తుంది. మార్కుల ప్రస్తావన ఎప్పుడు తేవాలా అని మనసులో కాచుకుని కూర్చుంటే, పిల్లకు ఆ సంగతి రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది. వచ్చే వారం హోంవర్క్ ఉందంటుంది.